చప్పుడు లేని గడ్డి మిషను

తవిటయ్య గడ్డి కోస్తున్నాడంటే కొండ దిగువన టీ కొట్లో కూర్చున్నవాళ్ళకి కూడా తెలిసిపోయేది. పోర్టుకి ఎదురుగా ఉన్న ఆ చిన్న కొండ మీద ఒక ఓడల కంపెనీ వారి గెస్టుహౌసు ఉంది. దాని ముందు సముద్రం వైపుకి వాలుగా దిగే పెద్ద పచ్చిక. ఆ పచ్చికను కోసేది పెట్రోలు మిషను. గెస్టుహౌసు కట్టిన కొత్తలో సీమ నుంచి ఓడలో దిగిందది. తాడు చుట్టి లాగితే ముందు దగ్గేది, తర్వాత నల్లటి పొగ వదిలేది, ఆ పైన చెవుల్లో దూది పెట్టుకున్నా లాభం లేనంత గోల మొదలయ్యేది. దాని ఊపుకి తవిటయ్య వేళ్ళు మొద్దుబారిపోయాయి. పొగలు కక్కే టీ గ్లాసును కూడా చన్నీళ్ళ చెంబులా పట్టుకునేవాడు. కానీ ఆ మిషను వల్లే అతనికి ఒక పేరంటూ వచ్చింది. తోటలో పనిచేసేవాళ్ళు ఎందరున్నా, మిషను తవిటయ్య ఒక్కడే.

మిషను దగ్గర ఎవరూ నోరు విప్పేవారు కాదు. టీ తాగుతావా అని అడగాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాలి. మేనేజరు పిలుస్తున్నాడంటే భుజం తట్టి గెస్టుహౌసు బంగళా వైపు చెయ్యి ఊపాలి. ఆ సైగలు ఎంత అలవాటైపోయాయంటే, మిషను ఆగాక కూడా తోటలో అందరూ అతనితో చేతులతోనే మాట్లాడేవారు. అది ఎవరికీ వింతగా తోచలేదు.

అతని కూతురు గంగాభవాని పదో తరగతి దాకా భోగాపురం దగ్గర అమ్మమ్మ ఊళ్లో చదువుకుంది. తవిటయ్య పనిలో చేరినప్పుడు గెస్టుహౌసు వెనక ఒక రేకుల షెడ్డు తప్ప ఏమీ లేదు. అందులో చంటిపిల్లతో ఎలా అని తల్లి పోతమ్మ ఆమెను పుట్టింట్లో వదిలింది. తర్వాత రెండు గదుల క్వార్టరు ఇచ్చినా, చదువు మధ్యలో కదపడం ఎందుకని అక్కడే ఉంచేశారు. సెలవులకి వచ్చేది, వెళ్ళేది. ఎనభై మూడో సంవత్సరం వేసవిలో పరీక్షలు రాసి, ఈసారి ఉండిపోవడానికే వచ్చింది.

భవాని మాట్లాడితే పక్కనున్నవాళ్ళకి కూడా వినపడేది కాదు. తల వంచుకుని, ఓణీ అంచు పెదాలకి ఆనించుకుని, ఎదుటివాళ్ళకి కాకుండా తనకే చెప్పుకుంటున్నట్టు చెప్పేది. తండ్రి దగ్గర అది మరీ ఎక్కువ. ఎందుకంటే తండ్రి ఆమెకి ఎప్పుడూ జవాబు చెప్పేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి ఊళ్లో జరిగిన తీర్థం సంగతి మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. చెప్పడం అయ్యి తలెత్తేసరికి అతను కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నాన్నకి నేనంటే ఇష్టం లేదు అని ఆ రోజే అనుకుంది. దూరంగా పెరిగినందుకో, ఆడపిల్లయినందుకో. ఎవరినీ అడగలేదు. అడగకుండానే ఆ మాట ఆమెతో పాటు పెరిగింది.

ఆ వేసవిలోనే మిషను మారింది. రాత్రంతా ఓడల మీద పనిచేసి తెల్లారి వచ్చి పడుకునే ఇంజినీర్లు, ఆ గోలలో నిద్ర ఎక్కడ పడుతుందని ఫిర్యాదు చేశారు. పాత మిషనుకి విడిభాగాలు దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. తోట సూపర్‌వైజరు శ్రీరామ్మూర్తి గారు, అమలాపురం వైపు మనిషి, ఎవరెవరికో చెప్పి కలకత్తా నుంచి కరెంటు మిషను తెప్పించారు. పాతదాన్ని పాత ఇనుము కొట్టువాళ్ళు వచ్చి రిక్షాలో వేసుకుపోయారు. రిక్షా మలుపు తిరిగేదాకా తవిటయ్య గేటు దగ్గర నిలబడ్డాడు.

కొత్త మిషను ఎలా నడపాలో చూపించడానికి అబ్దుల్ హమీద్ వచ్చాడు. వన్‌టౌన్ నుంచి సైకిలు మీద వచ్చే ఎలక్ట్రీషియన్ అతను, తవిటయ్యకి పాత స్నేహితుడు.

"సూడు బావా, పాతది దున్నపోతు నాంటిది. ఇది పాము నాంటిది. దీని తోక ఎప్పుడూ నీ ఎనకే ఉండాల. కోసేసిన గడ్డి మీదే వైరుండాల. కొయ్యని గడ్డి మీదికి వచ్చిందా, బ్లేడు ముందు వైరుని కోసేత్తాది, తరవాత నీ సంగతి సూత్తాది. గోడ దగ్గర మొదలెట్టి అటూ ఇటూ ఎల్లు. మడి దున్నినట్టు సుట్టూ తిరక్కు."

తవిటయ్య అతని ముఖంలోకి రెప్ప వెయ్యకుండా చూస్తూ తలాడించాడు. హమీద్ స్విచ్చి వేశాడు. తవిటయ్య రెండు చేతులతో పిడి పట్టుకుని కాసేపు నిలబడి, "ఇది నడుత్తందా, నేదా?" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. శ్రీరామ్మూర్తి గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. "చూశారా, అంత మెత్తగా ఉందన్నమాట మన మిషను" అన్నారు.

"నడుత్తంది బావా. అనుమానంగా ఉంటే గడ్డినడుగు. నీ సెయ్యి మాత్రం పెట్టకు" అన్నాడు హమీద్.

నవ్వుతున్నవాళ్ళని చూసి తవిటయ్య కూడా నవ్వాడు.

ఈ మిషనుకి ఇద్దరు కావాలి. ఒకరు తొయ్యాలి, ఒకరు వైరు సర్దుతూ ఉండాలి. ఫలితాలు వచ్చేదాకా ఖాళీగానే ఉంది కదా అని ఆ పని భవానికి వచ్చింది. బంగళా వరండా గోడకి ప్లగ్గు. అక్కడి నుంచి వైరు చుట్టలు విప్పుతూ, మళ్ళీ చుడుతూ తండ్రి వెనకే నడిచేది. మిషను తుమ్మెదలా గుయ్యిమంటుందంతే. దాని పైనుంచి గోరింకలు కొట్లాడుకోవడం వినిపించేది. పోర్టులో క్రేన్లు కిర్రుమనడం, లంగరు వేసిన ఓడల మీద ఎవరో ఎవరినో పిలవడం, రాళ్ళ మీద సముద్రం. ఇన్నాళ్ళూ ఈ కొండకి ఇన్ని చప్పుళ్ళున్నాయని ఎవరికీ తెలిసినట్టు లేదు. భవానికి ఆ పని బాగా నచ్చింది. తండ్రి ఒక్కమాటయినా మాట్లాడకపోయినా, ఆయన వెనక నడవడం బాగుంది.

కానీ గోల పోయేసరికి జనం చేతులు దించి నోళ్ళు తెరిచారు. వెనకనుంచి పిలవడం మొదలుపెట్టారు.

"ఏటి, తవిటయ్యకి పొగరెక్కిందా? పిలిత్తే పలకడు" అన్నాడు వాచ్‌మన్ చలమయ్య.

"కలకత్తా మిషను నడుపుతున్నాడు కదా, ఇంక మనం కనపడతామా" అంది వంటింట్లో పనిచేసే గంగాలమ్మ.

శ్రీరామ్మూర్తి గారికి మరీ కోపం వచ్చింది. "ఏవయ్యా, ఎన్నిసార్లు పిలవాలి? పెట్రోలు మిషనప్పుడంటే సరే. ఇప్పుడేం వచ్చింది?" అని ఎదురుగా వచ్చి నిలబడి అరిచారు. తవిటయ్య ఆయన ముఖం చూసి, "ధ్యాస లేదు బాబూ" అన్నాడు.

భవాని ఇదంతా చూస్తూ ఉంది. నాకే కాదు, వీళ్ళకి కూడా జవాబు చెప్పడం లేదు అనుకుంది. ఒక ఉదయం పోర్టులోంచి బయటికి వెళ్తున్న ఓడ ఒకటి కొండ అదిరేలా కూత వేసింది. పచ్చిక మీది గోరింకలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. భవాని ఉలిక్కిపడి వైరు వదిలేసింది. తండ్రి తల కూడా తిప్పలేదు. లేచిపోయిన పక్షుల్ని చూసి, ఎందుకు లేచాయా అన్నట్టు ఆకాశం వైపు చూశాడు.

అప్పుడు తెలిసింది ఆమెకి. మొదట గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఇన్నేళ్ళూ నాన్న నన్ను కాదనలేదు, నా మాట ఆయన్ని చేరనే లేదు. ఆ వెంటనే, ఆయన చెవులు పోతే నాకు హాయిగా ఉందా అని సిగ్గు వేసింది.

ఇంటికి వెళ్ళి తల్లిని అడిగింది. పోతమ్మ గబగబా వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"నోరెత్తకు. సెవులు పోయి సాన్నాళ్ళయ్యింది. ఆ పెట్రోలు మిషనే తినేసింది. మీ నాన్న నాకు సెప్పనేదు, నాను అడగనేదు. తెలిసిపోయిందంటే మిషను నాగేసుకుంటారు. మిషను లేని తవిటయ్యని ఎవులు సూత్తారే? పదిమందిలో పదకొండో వాడు. ఆ పేరు పోతే మీ నాన్న బతకడు."

అది విన్నాక భవానికి వైరు పట్టుకునే పని ఇదివరకటిలా లేదు. ఎవరైనా వెనకనుంచి పిలుస్తుంటే తనే ముందుకి వెళ్ళి తండ్రి చొక్కా లాగేది. వైరు చుట్టుకుంటే పరుగెత్తి తీసేది. హమీద్ ఎంత చెప్పినా తవిటయ్యకి పాత అలవాటు పోలేదు. చిన్నప్పుడు పొలంలో నేర్చుకున్న నడక అది. పచ్చిక అంచున మొదలుపెట్టి, మడి దున్నినట్టు చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చేవాడు. అలా తిరిగినప్పుడల్లా వైరు కొయ్యని గడ్డి మీదికి పాకేది.

ఆషాఢంలో ఒక రోజు సాయంత్రం పచ్చిక మీద తేనీటి విందు ఉందన్నారు. గ్రీకు ఓడ కెప్టెను వస్తున్నాడట. తెల్లారుజామున చినుకులు పడ్డాయి. గడ్డి తడిగా ఉంది, ఆగుదామని హమీద్ అన్నాడు. మధ్యాహ్నానికి కుర్చీలు వెయ్యాలి, ఆగడానికి లేదన్నారు శ్రీరామ్మూర్తి గారు. వరండాలో మేనేజరు, ఇద్దరు ఇంజినీర్లు కాఫీ తాగుతున్నారు. కింద తవిటయ్య చెప్పులు విప్పి, మిషను తోసుకుంటూ రెండో చుట్టు మొదలుపెట్టాడు.

వైరు ఒక గులాబి మొక్కకి తట్టుకుంది. భవాని దాన్ని విడిపించడానికి వంగింది. తలెత్తి చూసేసరికి, తండ్రి అవతలి అంచున తిరిగి వాలులోకి వస్తున్నాడు. వైరు అతని ముందు, తడి గడ్డిలో, మెలికపడి ఉంది. మిషను సూటిగా దాని మీదికే వెళ్తోంది.

"నాన్నా" అంది. ఎప్పటిలాగే ఆ మాట ఓణీ దాటలేదు. మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు చీరుకుపోయేలా. వరండాలో కాఫీ తాగుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. తవిటయ్య తిరగలేదు. పరుగెత్తి అతన్ని అందుకోవడానికి చాలా దూరం. ప్లగ్గయితే దగ్గర్లోనే ఉంది. అది పీకేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఇంతమంది చూస్తుండగా అమ్మ భయపడిందంతా జరుగుతుంది. అయినా కాళ్ళు వరండా వైపే పరుగెత్తాయి. గోడలోంచి ప్లగ్గు లాగేసింది.

మిషను ఆగిపోయింది. తవిటయ్య ఆగలేదు.

పచ్చిక వాలుగా ఉంది కాబట్టి చచ్చిన మిషను కూడా తేలిగ్గానే దొర్లింది. వైరు మీంచి, గడ్డి మీంచి, అతను తల వంచుకుని శ్రద్ధగా తోసుకుంటూ వెళ్ళాడు. చివర దాకా వెళ్ళి ఒద్దికగా మలుపు తిప్పాడు.

ఇంజినీర్లలో ఒకాయన నవ్వాడు. చలమయ్య గేటు దగ్గరనుంచి, "ఏటి తవిటయ్య బావా, కరెంటు ఆదా సేత్తన్నావా?" అన్నాడు. హమీద్ మాత్రం నవ్వలేదు. "తప్పు చలమయ్యా, ఊరుకో" అన్నాడు మెల్లగా.

తిరిగి పైకి వస్తూ తవిటయ్య తను నడిచిన దారి చూశాడు. గడ్డి ఉన్నది ఉన్నట్టే ఉంది. వంగి బ్లేడు చూశాడు. తర్వాత తలెత్తి వరండాలో ముఖాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. చివరికి కూతురి చేతిలో ఉన్న ప్లగ్గు చూశాడు.

శ్రీరామ్మూర్తి గారు మెట్లు దిగి వెళ్ళారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ అనుమానం వచ్చాక ఊరుకోలేకపోయారు. తవిటయ్య వెనక్కి వెళ్ళి నిలబడి, మామూలు గొంతుతో "తవిటయ్యా" అన్నారు. కొంచెం పెంచి మళ్ళీ అన్నారు. ఆ తర్వాత అతని తల వెనక రెండు చేతులూ చరిచారు. తవిటయ్య వరండా వైపే చూస్తూ నిలబడ్డాడు. వెనక ఏదో జరుగుతోందని అక్కడున్నవాళ్ళ ముఖాల్లో చదువుకుంటున్నాడు.

భవాని చూడలేక గోడవైపు తిరిగింది.

శ్రీరామ్మూర్తి గారు ముందుకి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. "చెప్పలేదేవయ్యా ఇన్నాళ్ళూ? రేపట్నుంచి మిషను ముట్టుకోకు. చలమయ్య నేర్చుకుంటాడు" అన్నారు.

ఆ సాయంత్రం క్వార్టర్లో పొయ్యి వెలగలేదు. పోతమ్మ కూతురితో మాట్లాడలేదు. తవిటయ్య బయట మెట్ల మీద కూర్చుని, లోపలికి చూడకుండానే పెళ్ళాంతో అన్నాడు. "దాన్ని ఊరికి పంపీ. నన్ను నలుగుర్లో ఆడించడానికి వచ్చిందా? ఎవులో పీకమన్నారు, పీకీసింది."

ఆ మాట భవానికి చెంపమీద కొట్టినట్టు తగిలింది. ఎవరో ఆట పట్టించడానికి పీకమంటే పీకానని అనుకుంటున్నాడు. వైరు ఆయన చూడనే లేదు. వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. తల వంచుకుని, వైరు సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

"ఏటి గొణుగుతావు?" అన్నాడు తవిటయ్య విసుగ్గా. తర్వాత గొంతు తగ్గిపోయింది. "మొకం ఎత్తితే కదా తెలిసీది. లోకంలో అందరి మాటా మూతి సూసి అందుకుంటన్నాను. నా గుంట మూతే నాకు కనబడదు. పుట్టిన కాడ్నుంచీ అంతే. నేల సూత్తావు, ఓణీ అడ్డం పెడతావు. నానంటే నీకు అంత అయిష్టం ఏటే?"

భవాని ఓణీ అంచు వదిలేసింది. తల ఎత్తింది. ఇంత దగ్గరగా తండ్రి కళ్ళలోకి ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయన ఆమె కళ్ళు చూడటం లేదు, పెదాలే చూస్తున్నాడు. ఆకలితో ఉన్నవాడు విస్తరి చూసినట్టు.

"వైరు బ్లేడు ముందరికి వచ్చీసింది నాన్నా. గడ్డి తడిగా ఉంది. నువ్వు సూడనేదు. అందుకే పీకేను."

"వైరా?"

"మెలిక పడిపోయింది. పిలిసేను."

"పిలిసేవా? గట్టిగానా?"

"గట్టిగానే."

తవిటయ్య చేతులు రెండూ ఎదురుగా పెట్టుకుని వేళ్ళ వంక చూసుకున్నాడు. "అలగైతే మసయిపోదును" అన్నాడు నెమ్మదిగా. తర్వాత మీసం కింద చిన్న నవ్వు వచ్చింది. "నువ్వు గట్టిగా పిలిసేవంటే పోర్టులో కూలోళ్ళు కూడా పని మానేసి సూసుంటారు. నానొక్కణ్ణే ఇన్నేదు."

"అసలేమీ ఇనపడదా నాన్నా?"

"ఒకటే ఇనపడతాది. ఆ పాత మిషను. పగలూ రేతిరీ తిరుగుతానే ఉంటాది. దాన్ని ఇనుం కొట్టోడు అట్టుకుపోయేడు గానీ, నా సెవుల్లోంచి అట్టుకుపోనేదు."

లోపల పోతమ్మ పొయ్యి వెలిగించింది.

మర్నాడు పొద్దున్నే భవాని శ్రీరామ్మూర్తి గారి గది ముందు నిలబడింది. తల వంచలేదు. తను వైరు పట్టుకోకుండా తండ్రికి ఎదురుగా నడుస్తానని, ఏదైనా అయితే చెయ్యి ఎత్తుతానని, మిషను ఆయన దగ్గరే ఉంచమని అడిగింది. తవిటయ్య ఆమె పక్కనే ఉన్నాడు.

శ్రీరామ్మూర్తి గారు అంతా విన్నారు. "అలాగే అనాలనుందమ్మా. కానీ నువ్వు రేపో మాపో కాలేజీకి వెళ్తావు. నువ్వు లేని రోజున జరగరానిది జరిగితే మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పను? కరెంటుకి జాలి ఉండదు. అది అరవదు కూడా, ఆ పాత దున్నపోతు మిషనులాగ" అన్నారు. తర్వాత తవిటయ్యకి ఎదురుగా ముఖం పెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. "కంచె పని చూసుకో. పెద్ద కత్తెర తీసుకో."

భవాని మళ్ళీ ఏదో అనబోయింది. తవిటయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "సరే బాబూ" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో అతని దవడ చూస్తే తెలిసింది.

పచ్చిక చుట్టూ నడుమెత్తు డురంటా మొక్కల కంచె. పోర్టులోంచి ఎగిరి వచ్చే ఎర్రటి ఇనుపరాతి దుమ్ము దాని ఆకుల మీద ఎప్పుడూ ఉంటుంది. తవిటయ్య కత్తెర తీసుకుని ఒక మూల నుంచి మొదలుపెట్టాడు. అవతల చలమయ్య మిషను తోస్తుంటే, హమీద్ పక్కన నడుస్తూ తిడుతున్నాడు. తవిటయ్య అటు చూసినప్పుడల్లా కత్తెర ఆగిపోయేది. మళ్ళీ తల తిప్పుకుని కత్తిరించేవాడు. మిషను తవిటయ్య అన్న పేరు ఇక ఎన్నాళ్ళుంటుందో అతనికే తెలియదు.

భవాని కంచెకి అవతలివైపు వెళ్ళి, అతనికి ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్ళలో చెప్పనివి ఎన్నో ఉన్నాయి, ఏది ముందో తెలియలేదు. చివరికి అమ్మమ్మ ఊళ్లో మేకపిల్ల ఒకటి బళ్లోకి దూరి మాస్టారి కండువా నమిలేసిన సంగతి మొదలుపెట్టింది. చిన్న గొంతుతోనే చెప్పింది. గొంతుతో ఆయనకి పనిలేదు.

తవిటయ్య వినాలంటే ఆమె మూతి చూడాలి. మూతి చూడాలంటే కత్తెర ఆపాలి. అలా ఆగి, కత్తిరించి, మళ్ళీ ఆగి, మధ్యాహ్నానికి వాళ్ళు పట్టుమని నాలుగు బారలు కూడా కదల్లేదు. మాస్టారు కండువా కోసం మేకపిల్ల వెంట పడ్డ చోట తవిటయ్య నవ్వాడు. నవ్వి, నవ్వి, కత్తెర కంచె మీద పెట్టేశాడు.

వరండాలోంచి శ్రీరామ్మూర్తి గారు, "ఏవయ్యా, ఈ కంచె ఈ ఏడాదికి అవుతుందా?" అని అరిచారు. భవాని అటు తిరిగి చూసింది.

"ఆయన్ని అరవనీ" అన్నాడు తవిటయ్య. ఆయన ఏమన్నారో అతనికి తెలియదు, కూతురి ముఖం అటు తిరగడం ఒక్కటే చూశాడు. "నువ్విటు తిరుగు. మాస్టారు ఏటి సేసేడు తరవాత?"